గ్యాస్ అనే మాట గురించి

ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న ఊరు పర్లాకిమిడి. ఆ బజార్లో నాకో మందుల షాపుంది. పందొమ్మిదేళ్ళుగా ఆ కౌంటరు వెనకే నా బతుకు. ఈ ఊళ్ళో ఎవరికి ఏ బాధ ఉందో నాకు తెలీదు గానీ, ఆ బాధకి ఏ పేరు పెట్టి నా దగ్గరికి తెస్తారో మాత్రం బాగా తెలుసు. గ్యాస్.

రేపు కోర్టు వాయిదా అనగా వచ్చే పెద్దమనిషికి గ్యాస్. కూతుర్ని విశాఖలో హాస్టల్లో దింపి సాయంత్రం బస్సు దిగిన తల్లికి గ్యాస్. చీటీ డబ్బులు బావమరిది ఎగ్గొట్టినవాడికీ, ప్లస్ టూ రిజల్టు కోసం చూస్తున్న కుర్రాడికీ గ్యాసే. తెలుగువాళ్ళు "గేసు పట్టీసింది" అంటారు. ఒడియావాళ్ళు "గ్యాస్ హేఇగలా" అంటారు. కొండ దిగి వచ్చే సవరలు పొట్ట మీద చెయ్యేసి అదే మాట అంటారు. మూడు భాషల ఊళ్ళో ముగ్గురూ ఒప్పుకున్న మాట ఇదొక్కటే కాబోలు.

నేనూ అడిగినవాళ్ళకి అడిగింది ఇచ్చి పంపేవాణ్ణి. ఎందుకని అడిగితే వ్యాపారం సాగదు. కానీ ఈ ఒక్క మాట వల్ల మా ఇంట్లో రెండు తప్పులు జరిగాయి, ఆ రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. వాటి గురించి చెప్పకుండా నా వాదన చెప్పలేను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మందస వైపు మా నాన్నకి నలభై కొబ్బరి చెట్లుండేవి. తెల్లారి చూస్తే మూడు నిలబడి ఉన్నాయి. మా గజపతి జిల్లాలోనే బరఘరా అనే కొండ ఊళ్ళో కొండచరియలు విరిగి మనుషులే పోయారు. "దాని ముందు చెట్లెంతరా" అన్నాడు నాన్న. అది వినడానికి ధైర్యంలా ఉంది, మేం కూడా ధైర్యమే అనుకున్నాం.

ఆ తర్వాత ఎనిమిది నెలలూ ఆయన లెక్కలే మాట్లాడాడు. ఇప్పుడు మొక్క నాటితే కాపుకొచ్చేసరికి తన వయసెంత, చెట్టుకి ఏడాదికి కాయలెన్ని, పరిహారం చెట్టుకింత చొప్పున ముప్పై ఏడు చెట్లకి ఎంత. రాత్రి కంచం ముందు కూచుని వేళ్ళ మీద లెక్కపెడుతూ మధ్యలో ఆగిపోయేవాడు. "ఏటి నాన్నా?" అంటే "ఏటీ నేదురా" అనేవాడు. నేనూ లెక్కల్లోనే జవాబు చెప్పాను. సహకార బ్యాంకులో అప్పు దొరుకుతుందన్నాను, పొట్టి రకం మొక్కలైతే తొందరగా కాస్తాయన్నాను. మనిషి దుఃఖాన్ని ఎక్కాల్లో చదువుతున్నాడని నాకు తట్టలేదు. ఆయనకీ తట్టలేదేమో.

2019 జూన్‌లో ఒక రాత్రి షాపు మూస్తుంటే ఫోను. "గుండికాడ బరువుగా ఉందిరా, వచ్చేటప్పుడు గేసు బిళ్ళ తే." తెచ్చాను, నీళ్ళిచ్చాను. నుదుటి మీద చెమట చూశాను. కరెంటు లేదు, ఉక్క, అందరికీ చెమటలే. లోపలికెళ్ళి ఆ రోజు బిల్లులు కూడుకున్నాను. తెల్లారేసరికి నాన్న లేడు.

ఆయనకి షుగరుంది. షుగరున్నవాళ్ళకి గుండెపోటు నొప్పి లేకుండా ఉబ్బరంలా, ఆయాసంలా కూడా రావచ్చని కౌంటరు దగ్గర నేనే ఎంతమందికో చెప్పాను. ఇంట్లో మాత్రం బిళ్ళ ఇచ్చాను.

రెండో తప్పు నాది, నా ఒంటి మీదే. ఆ దసరాకి నా కడుపు బాధ మొదలైంది. రొమ్ము ఎముక కింద ఎవరో తాడేసి బిగదీస్తున్నట్టు, తిన్నది అక్కడే కూచున్నట్టు. ఎవర్నడగాలి? షాపు నాది, మందు నాది. ఐదు నెలలు మింగాను. నిద్ర పట్టని రాత్రుల్లో ఆల్ప్రాజోలం అనే మత్తు మాత్ర ఉన్న అర దాకా చెయ్యి వెళ్ళొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అది హెచ్‌1 మందు. 2014 మార్చి నుంచి అలాంటి మందు ఒక్క స్ట్రిప్పు అమ్మినా రోగి పేరు, చీటీ రాసిన డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. ఆ రిజిస్టర్లో నా పేరు నేనే రాసుకోవాలన్న సిగ్గే నన్ను ఆపింది, వివేకం అనుకోకండి.

ఆఖరికి బరంపురం వెళ్ళి ఎండోస్కోపీ చేయించుకున్నాను. నార్మల్. ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్. డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి ఒడియాలో అడిగాడు, ఈ మధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా అని. "కిఛి నాహిఁ" అన్నాను. ఏమీ లేదు. తిరుగు బస్సు ఊరి దగ్గర పడుతుండగా గుర్తొచ్చింది, ఆ మాట ఎవరిదో. ఏటీ నేదురా.

నేను డాక్టరుకి అబద్ధం చెప్పలేదు. తండ్రి పోయి ఎనిమిది నెలలైన మనిషి లోపలికి చూసుకుంటే నిజంగానే కడుపు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఇలా కనబడకపోవడానికి వైద్యంలో ఒక పేరుంది, అలెక్సిథైమియా. గ్రీసులో పుట్టి బోస్టన్‌లో పనిచేసిన మనోవైద్యుడు పీటర్ సిఫ్నియోస్ 1970ల మొదట్లో పెట్టాడు. మనసుకి మాట లేకపోవడం అని ఆ గ్రీకు ముక్కల అర్థం. ఒంటి బాధల్ని గంటలకొద్దీ వర్ణించి, "మరి మీకెలా అనిపించింది" అంటే మాత్రం బిక్కమొహం వేసే రోగుల్ని చూసి పెట్టిన పేరది. అది జబ్బు కాదు, స్వభావంలో ఒక పాలు. కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. దాన్ని కొలవడానికి టొరంటోలో తయారైన ఇరవై వాక్యాల పట్టిక ఉంది. డాక్టర్లకి కూడా అంతుపట్టనివి నా ఒంట్లో జరుగుతుంటాయి అన్న అర్థం వచ్చే వాక్యం అందులో ఒకటి. అది చదివి నవ్వుకున్నాను. నా కస్టమర్లలో సగం మంది నోట ఆ వాక్యం విన్నాను.

అమ్మ మాత్రం ముందే అంది, "నీకు కడుపునొప్పి కాదు, బెంగెట్టుకున్నావు" అని. ఆ మాట నాకు అతకలేదు. బెంగ దగ్గర లేనివాళ్ళ కోసం కలిగేది. చూడాలనిపిస్తుంది, గుర్తొస్తారు. నాకు నాన్న గుర్తొచ్చేవాడు కాదు, అదే విచిత్రం. ఆయన ఫోటో ఉన్న గదిలోకి వెళ్ళడమే తగ్గించేశాను.

ఆ ఫిబ్రవరిలోనే ఒకరోజు ముప్పయ్యేళ్ళ కుర్రాడొకడు బైకు స్టాండు కూడా వెయ్యకుండా, "అన్నియ్యా, మా నాన్నకి గేసు బిళ్ళ ఇయ్యి" అన్నాడు. వెనక సీటు మీద ముసలాయన ఛాతీ రుద్దుకుంటున్నాడు. నేను అరిచాను. మామూలుగా కాదు, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేలా. "బిళ్ళ లేదు గిళ్ళ లేదు, ముందు తీసుకెళ్ళి ఈసీజీ తియ్యించు, నీకు బుద్ధుందా" అని. వాడు బిత్తరపోయి వెళ్ళిపోయాడు. నా చేతులు వణుకుతున్నాయి. షాపులో పనిచేసే పిల్లాడు "ఎందుకన్నా అంత కోపం?" అన్నాడు.

"కోపం కాదురా, భయం."

ఆ మాట నేను ఆలోచించి అనలేదు. నోరు జారినట్టు వచ్చింది. ఆ రాత్రి మళ్ళీ దాని దగ్గరికే వెళ్ళాను. భయం దేనికి? జరగాల్సింది జరిగిపోయింది కదా. తెల్లవారుజామున దొరికింది, మా నాయనమ్మ వాడే మాట. ఉసురు. ఒకర్ని బాధపెడితే వాళ్ళ ఉసురు మనకి తగులుతుంది అనేది ఆవిడ. నాన్న చెమటలు పడుతుంటే నేను బిల్లులు కూడుకున్నాను. ఆయన ఉసురు నాకు తగిలిందని, అందుకే కడుపు పట్టుకుందని, మందులు చదివి మందులమ్మే నేను లోపల్లోపల నమ్ముతున్నాను.

పుస్తకాల్లో దాన్ని అపరాధ భావన అంటారు. ఆ మాట నాకెవరైనా ముందే చెప్పి ఉంటే "అబ్బే, నాకలాంటివి లేవు" అనేవాణ్ణి. ఉసురు అన్నాక కాదనలేకపోయాను. పొద్దున్నే మా ఆవిడకి చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే అంది, "మీకు ఉసురెట్టే మనిషా మావయ్య?"

అక్కడ కూలబడి ఏడ్చాను.

నేను చెప్పదలుచుకున్నదంతా ఆమె ప్రశ్నలో ఉంది. పేరు లేనిదాంతో ఎవరూ వాదించలేరు. కడుపులో తాడు బిగిస్తుంటే "మావయ్య అలాంటి మనిషా" అని ఎవరూ అడగరు, మాత్ర వేసుకోమంటారు. ఉసురు అని ఒకసారి పేరు పెట్టాక దానికి జవాబు ఉంటుంది. ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, నవ్వొచ్చు. గుర్తుపట్టడం వల్ల బాధ పోతుందని నేననను. నాకూ వెంటనే పోలేదు, వేసవి దాకా కడుపు అప్పుడప్పుడూ పట్టేస్తూనే ఉండేది. కానీ అప్పట్నుంచి అది ఎందుకు పడుతోందో నాకు తెలుసు, దాంతో మాట్లాడగలిగాను.

"ఇదంతా మనసు సర్దిచెప్పుకోవడమే" అనేవాళ్ళుంటారు. నేనూ అనేవాణ్ణే. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు అచ్చేసిన ప్రయోగం ఒకటుంది. మెదడు స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి, కోపంతోనో భయంతోనో ఉన్న మొహాల బొమ్మలు చూపించారు. ఆ మొహంలో ఉన్న భావానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం నెమ్మదించింది. ఊరికే ఆ మనిషికి ఒక పేరు ఎంచమన్నప్పుడు అలా జరగలేదు. అంటే ఏదో ఒక మాట అంటే చాలదు, భావం పేరే కావాలి.

అదే విశ్వవిద్యాలయం నుంచి 2012లో వచ్చిన ఇంకో ప్రయోగం నాకు మరీ నచ్చింది. సాలీడంటే హడలిపోయేవాళ్ళని పెద్ద టరంటులా సాలీడు దగ్గరికి తీసుకెళ్ళారు. కొందరిని "ఇది నన్నేం చెయ్యదు" అనుకోమన్నారు. కొందరిని వేరే విషయం మాట్లాడమన్నారు. కొందరినేమో ఉన్నదున్నట్టు, "ఈ వికారమైన సాలీడు మీదికి దూకుతుందేమోనని హడలిపోతున్నాను" అన్నట్టు చెప్పమన్నారు. వారం తర్వాత మళ్ళీ చూస్తే, భయాన్ని భయం అని చెప్పినవాళ్ళ అరచేతుల్లో చెమట తక్కువ పట్టింది. ధైర్యం చెప్పుకున్నవాళ్ళ కంటే తక్కువ! మనం చావింటికెళ్ళి చెప్పే మొదటి మాట ఏమిటి? "ఏడవకు, గుండె దిటవు చేసుకో." పరీక్ష పోయిన పిల్లాడికి చెప్పేది? "ఏం పర్లేదు, లైట్ తీసుకో." మన సానుభూతి అంతా ఎదుటివాడి నోరు నొక్కడంలోనే ఉంది. కోపంగా రాస్తున్నాను, తెలుసు. ఆ మాటలు నేనూ నాన్నకి చెప్పాను కాబట్టి.

ఒక అపోహ గురించి కూడా మాట్లాడాలి. మనవాళ్ళకి భావాలు చెప్పడం రాదు, అన్నీ ఒంటి మీదికి తెచ్చుకుంటారు అని చదువుకున్నవాళ్ళు కొంచెం చులకనగా అంటారు. ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు చైనాలోని హునాన్‌లో "నరాల బలహీనత" అని చీటీ పట్టుకొచ్చిన వంద మందిని పరీక్షించి 1982లో రాశాడు. వాళ్ళలో 87 మందికి డిప్రెషన్ లక్షణాలున్నాయి. వాళ్ళు చెప్పింది మాత్రం తలనొప్పి, నిద్రలేమి, నీరసం. నరాల వీక్నెస్ అని నా దగ్గర బీకాంప్లెక్స్ కొనేవాళ్ళ వరస చూస్తే హునాన్ ఇక్కడికి ఎంతో దూరం లేదనిపిస్తుంది. కానీ దీన్ని అజ్ఞానం అనడం నాకిష్టం లేదు. నాట్యశాస్త్రం భావాల్ని లెక్కపెట్టినప్పుడు ఎనిమిది స్థాయీ భావాలు, ముప్పై మూడు సంచారీ భావాలతో పాటు ఎనిమిది సాత్త్విక భావాల్ని కూడా చెప్పింది. ఆ ఎనిమిదీ ఏమిటి? కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు తప్పడం, కన్నీరు, స్పృహ తప్పడం. ఒళ్ళూ భావం చెప్పే చోటే అని మనకి ఎప్పుడో తెలుసు.

తెలుగే చూడండి. గుండె జారింది, గుండెల్లో రాయి పడింది, గుండె చెరువైంది: మూడూ మూడు వేర్వేరు సంగతులు, ఒకదాని బదులు ఒకటి వాడితే పసిపిల్లైనా నవ్వుతుంది. తల కొట్టేసినట్టయింది అంటే సిగ్గు. కళ్ళు కుట్టాయి అంటే అసూయ. కడుపుకోత అంటే బిడ్డ పోయిన తల్లిది, ఇంకెవరికీ ఆ మాట చెల్లదు. ఇక కడుపుమంట ఉంది. నా వృత్తికీ ఈ వ్యాసానికీ సరిగ్గా మధ్యలో ఉన్న మాట. మొదటి అర్థంలో దానికి నా దగ్గర సిరప్పుంది. రెండో అర్థంలో, అంటే పక్కవాడికున్నది చూసి ఓర్వలేకపోవడానికి, లేదు.

ఒంటి మాటలు అలా ఉంటే మనసు మాటలు ఇంకా సన్నం. గుబులు రాబోయేదాని గురించి. దిగులుకి కారణం ఉండక్కర్లేదు, సాయంత్రం ఆరయితే చాలు. ఉక్రోషం ఓడిపోయినవాడి కోపం, కళ్ళలో నీళ్ళు తిరగకుండా అది రాదు. అలక బుజ్జగించేవాళ్ళుంటేనే పుడుతుంది. పదిమందిలో తక్కువైనప్పుడు చిన్నబోతాం, మనవాళ్ళ మాటకి నొచ్చుకుంటాం. సరిహద్దులో పుట్టినందుకు నాకు ఇంకో లాభం ఉంది. మనకి అభిమానం అంటే ఇష్టం, లేదా ఆత్మగౌరవం. ఒడియాలో "అభిమాన" అంటే ఇష్టమైనవాళ్ళు పట్టించుకోలేదన్న నొప్పి, మూతి ముడుపు, మౌనం. చిన్నప్పుడు ఒడియా బడిలో స్నేహితుడి అమ్మ "వాడు నీ మీద అభిమాన చేశాడు" అంటే నేను పొంగిపోయి వాడి దగ్గరికి పరిగెత్తాను. వాడు మొహం తిప్పుకున్నాడు.

బోస్టన్‌లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలా సన్నంగా వేరు చేసుకోగలగడాన్ని ఒక సామర్థ్యంగా లెక్కిస్తుంది. అన్నిటినీ "బాలేదు" అని ఒకే కుప్పలో పోసుకునేవాళ్ళ కంటే, వేరు చేసుకునేవాళ్ళు బాధని బాగా తట్టుకుంటారని ఆ రంగంలో చాలా పరిశోధనలు చెబుతున్నాయి. దీనికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది. నేనైతే జల్లెడ అంటాను. మన తాతమ్మలు సన్నజల్లెడ ఇచ్చి వెళ్ళారు. మనం దాన్ని అటక మీద పెట్టి టెన్షన్, మూడ్ ఆఫ్, గ్యాస్ అనే మూడు కన్నాల గంపతో పని కానిస్తున్నాం.

తప్పు జనానిదేనా? మానసిక ఆరోగ్యం మీద వచ్చే కరపత్రాలు చూడండి. "కుంగుబాటు, వ్యాకులత, ఆందోళన రుగ్మత." ఈ మాటలు మాట్లాడే మనిషి పందొమ్మిదేళ్ళలో ఒక్కడు నా షాపుకి రాలేదు. గిడుగు రామమూర్తి గారు 1880 నుంచి మూడు దశాబ్దాల పాటు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. జనం మాట్లాడేదే పుస్తకంలోకి రావాలని పోరాడారు, కొండ మీది సవరల భాషా నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే మనసు ఒప్పక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ పోరాటం గెలిచామని ఏటా ఆగస్టు 29న పండగ చేసుకుంటాం. మనసు వైద్యం మాత్రం ఇంకా గ్రాంథికంలోనే ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారు 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, జబ్బును బట్టి వాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. వాళ్ళంతా ఎక్కడికెళ్తున్నారనుకుంటున్నారు? నా కౌంటరు దగ్గరికి.

సవరల గురించి ఒక సంగతి. వాళ్ళ పాత పద్ధతిలో చనిపోయినవాళ్ళతో మాట్లాడేవాళ్ళు. పూనకంలో ఉన్న మనిషి నోట పోయినవాళ్ళు పలుకుతారు. ఎలా పోయారో చెబుతారు, ఏడుస్తారు, నన్నెందుకు సరిగా చూసుకోలేదని నిలదీస్తారు. బతికున్నవాళ్ళు జవాబు చెబుతారు, సంజాయిషీ ఇస్తారు, కొన్నిసార్లు పోట్లాడతారు కూడా. ఒక్కరోజుతో అయిపోదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. చాలామంది క్రైస్తవంలోకి మారాక ఇప్పుడది బాగా తగ్గిపోయింది. మూఢనమ్మకం అని నేనూ ఒకప్పుడు తీసిపారేశాను. ఇప్పుడు తలుచుకుంటే, మనకి పన్నెండో రోజుతో సరి, భోజనాలయ్యాక ఆ ఊసెత్తితే "ఇంకా ఎందుకులే" అంటారు. నాన్న ఎదురుగా కూచుని "చెమట చూశావు కదరా, ఎందుకూరుకున్నావు" అని అడిగి ఉంటే నాకు బరంపురం బస్సు ఖర్చు తప్పేది.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. పేరు పెట్టడం వేరు, నెమరు వెయ్యడం వేరు. "నాకు ఉక్రోషం వచ్చింది" అనుకుంటే ఒక మెట్టు దిగినట్టు. అదే సంగతిని రాత్రంతా పశువు నెమరేసినట్టు నమిలితే బాధ పెరుగుతుందే కానీ తగ్గదు. ఇంకోటి, మాటలతో తేలనివి ఉంటాయి. వారాల తరబడి నిద్రా తిండీ పోయినవాళ్ళనీ, చచ్చిపోవాలనిపిస్తోంది అనేవాళ్ళనీ నేను కూచోబెట్టి నీ భావం పేరేమిటని అడగను. డాక్టరు దగ్గరికి పంపుతాను. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను నంబరు 14416 కౌంటరు అద్దానికి అతికించాను. డబ్బులక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఇక ఛాతీ బరువుగా ఉందంటే ముందు ఈసీజీ, ఆ తర్వాతే ఉసురూ బెంగా.

అన్నట్టు, ఆ ముసలాయన ఈసీజీ నార్మల్ వచ్చిందట. నిజంగానే గ్యాస్. కొడుకు ఆ రోజు నుంచి నా షాపు గడప తొక్కలేదు. రోడ్డుకి అవతల ఉన్న షాపులో కొంటాడు.

మొన్న సాయంత్రం కనబడ్డారు. కొడుకు బైకు ఆపి మందులు తీసుకుంటున్నాడు. ముసలాయన వెనక సీటు మీదే కూచుని, ఆపిల్ పళ్ళ ధర ఎక్కువని బండివాడితో గొడవ పడుతున్నాడు. కొడుకు వచ్చి విసుక్కుంటూనే ఆయన చొక్కా గుండీ సరిచేశాడు. అవతల షాపువాడికి వెళ్ళిన ఆ యాభై రూపాయల బేరం గురించి కాదు గానీ, చూస్తుంటే రొమ్ము ఎముక కింద మళ్ళీ ఏదో కదిలింది. నిలబడి వెతుక్కున్నాను. ఊరట కొంచెం ఉంది. మిగతాదంతా కడుపుమంట, రెండో అర్థంలో.